మధ్యాహ్నం పాఠం

గంట మోగింది. అమ్మ భోజనాల బల్ల మీది ప్లేట్లు తీసి సింకులో పడేసింది. బల్ల తుడిచింది. అంతే, భోజనాల గది మళ్ళీ బడి అయిపోయింది.

ఆ గంట నిజమైన ఇత్తడి గంట. నాన్న కొని తెచ్చి వంటగది గుమ్మానికి వేలాడదీశాడు. ఆయనకి బడులంటే పడదు. "అక్కడ పిల్లల్ని గొర్రెల్ని చేస్తారు. నా పిల్లలు ఇంట్లోనే చదువుతారు" అని పెద్దాడు పుట్టినప్పుడే తేల్చేశాడు. చదివించేది మాత్రం ఆయన కాదు. ఆయన పొద్దున్నే టై కట్టుకుని ఆఫీసుకి పోతాడు. చెప్పడానికేం, నోరుంటే చాలు. చేసేవాళ్ళకి తెలుస్తుంది.

అమ్మ ఒకప్పుడు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. అప్పటి తెల్లకోటు ఇప్పుడు బోర్డు తుడిచే గుడ్డ. ఇల్లు దాటి ఆవిడ వెళ్ళేదల్లా చెత్తబుట్ట పట్టుకుని మెట్ల కిందిదాకా. పిల్లలకి ఆ భాగ్యమూ లేదు. పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిట్టికి ఆరు. సాయంత్రం వీధి చివరి బడి వదలగానే ఇద్దరూ కిటికీ ఊచలకి అతుక్కుపోతారు. బడిపిల్లలు అరుచుకుంటూ, బ్యాగులతో కొట్టుకుంటూ పోతుంటారు. అమ్మ వచ్చి చప్పున కర్టెన్ లాగేస్తుంది. ఆ ఇంట్లోకి గాలి కూడా పర్మిషన్ అడిగి రావాలి.

ఇంటి చదువుకి సర్కారు ఒక్కటే మెలిక పెట్టింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరమ్మ ఇంటికొచ్చి పిల్లల్ని ప్రశ్నలడుగుతుంది. పాసైతే మరో ఏడాది ఇంట్లోనే. తప్పితే వీధి చివరి బడిలో చేర్చాల్సిందే, తండ్రి తలకిందులుగా తపస్సు చేసినా లాభం లేదు. పోయినేడు పిల్లలిద్దరూ పాసయ్యారు. నాన్న వీధంతా చెప్పుకున్నాడు. ఆనందం పట్టలేక అమ్మ ఏడ్చేసిందని కూడా చెప్పుకున్నాడు.

ఈసారి ఇన్‌స్పెక్టరమ్మ శుక్రవారం వస్తానంది. ఏటా అవే ప్రశ్నలు తిప్పితిప్పి అడుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ కొత్తగా మధ్యాహ్నం పాఠం ఒకటి మొదలుపెట్టింది. వంటగది తలుపేసి, గొంతు తగ్గించి.

"మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లమ్మా? పొద్దుటి పాఠమే నయం. ఇది కష్టంగా ఉంది" అని పెద్దాడు గునిశాడు.

"కష్టమే నాన్నా. కానీ ఆవిడ ఎదురుగా తడబడ్డావంటే మన కొంప మునిగినట్టే."

చిట్టి కళ్ళనిండా నీళ్ళు. "నేను మర్చిపోతేనో?"

"మర్చిపోవు, నా తల్లివి కదూ!" అని అమ్మ దగ్గరికి లాక్కుంది. వెంటనే గుడ్లురిమింది. "ఒక్కటి కూడా పోకూడదు. ఊఁ, మొదట్నుంచి."

పాపం, పసివాళ్ళని అలా రుద్దుతారా ఎవరైనా? అమ్మకి అదేం పట్టలేదు.

గురువారం సాయంత్రం నాన్న రిహార్సల్ పెట్టాడు.

"ఏడెనిమిదులు?"

"యాభయ్యారు!"

"సూర్యుడు ఉదయించేది?"

"తూర్పున!"

నాన్న మీసం దువ్వాడు. "చూశావా? బడికి పంపిస్తే ఇంత గడగడా చెప్పేవాళ్ళా?"

"మీ మాట ఎప్పుడు తప్పింది గనక" అంది అమ్మ.

శుక్రవారం నాన్న సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఏడెనిమిదులు ఎంత బాబూ?"

పెద్దాడు చేతులు కట్టుకున్నాడు. "నలభై మూడు."

నాన్న కాలు కిందికి దిగింది.

"సూర్యుడు ఎటువైపు ఉదయిస్తాడు?"

"ఉత్తరం."

"ఒరేయ్!" అని నాన్న లేచాడు.

"మీరు కూర్చోండి" అందావిడ.

చిట్టి వంతు వచ్చింది. వారానికి అయిదు రోజులంది. ఆవు గుడ్లు పెడుతుందంది. నాన్న తల పట్టుకున్నాడు.

"పోనీ, సాలెపురుగుకి కాళ్ళెన్నమ్మా?"

"ఎనిమిది" అనేసి చిట్టి గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కరెక్టే తల్లీ, ఎందుకంత భయం?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఇక చిట్టి బెల్లం కొట్టిన రాయే. ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు.

"నిన్న గడగడా చెప్పారండీ! నా కళ్ళముందే!"

"ఏ ఇంటికెళ్ళినా నిన్న చెప్పినవాళ్ళేనండీ" అంటూ ఆవిడ సంతకం గీకేసింది. "సోమవారం నుంచి ఇద్దర్నీ బడికి పంపండి."

ఆవిడ గుమ్మం దిగిందో లేదో నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఏడాదంతా ఏం వెలగబెట్టావ్? నా పరువు గంగలో కలిపావు కదా!"

"తప్పంతా నాదేనండీ" అంది అమ్మ తల దించుకుని.

"అయ్యో, ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభం!" అని చెప్పులేసుకుని, తలుపు ధడాలున వేసి వీధిలోకి పోయాడు.

అమ్మ వంటగదిలోకి వెళ్ళి స్టవ్ పక్కన నేల మీద కూలబడింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చిట్టి మాత్రం భయంభయంగా దగ్గరికెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది.

"కోప్పడకమ్మా, మిగతావన్నీ నువ్వు నేర్పినట్టు తప్పే చెప్పాను, ఆ సాలెపురుగొక్కటే నోరు జారి కరెక్టు చెప్పేశాను."