రెండు చెక్కముక్కలు

నిచ్చెన తాత తన లారీని కళ్ళు మూసుకుని కొండ దాటించేవాడు. పదకొండు మలుపులు. నేను చెప్తున్నాను, రాసి పెట్టుకోండి.

లారీ కొండ ఎక్కినంతసేపూ తాత మీసం దువ్వుకునేవాడు. రెండు చేతులతో.

మనిషి ఆరడుగుల పైమాటే. అందుకే ఆ పేరు. వీధిలో ఎవరింట్లో బల్బు మాడిపోయినా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు.

తాత పోయాక ఆ మూతి పొడుగు లారీ ముప్పై ఏళ్ళు రేకుల షెడ్డులో పడి ఉంది. సీటును ఎలుకలు తిన్నాయి, మిగతాది తుప్పు తింది.

"ఆ బండి చప్పుడు ఇంకొక్కసారి వినాలని ఉందిరా," అన్నాడు తాత కొడుకు, గుండె జబ్బుతో మంచం పట్టి లేచిన రోజుల్లో.

ఆ మాట పట్టుకుని మనవడు లారీని బాగుచేయించడానికి పూనుకున్నాడు. ఎనిమిది నెలలు పట్టింది. అడిగిన తండ్రి మాత్రం ఒక్కసారీ షెడ్డు వైపు రాలేదు.

ఒకరోజు మెకానిక్ స్టీరింగు కింద దూరి గొణిగాడు. "ఇదేంటి సార్, క్లచ్చుకీ బ్రేకుకీ చెక్కముక్కలు కట్టారు? బెత్తెడు మందాన ఉన్నాయి."

"తాత అరికాళ్ళు కాలకుండా కట్టుకుని ఉంటాడు."

"ఆయన ఆరడుగులన్నారుగా. వీటితో నడిపితే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి."

"పాతకాలం మనుషులయ్యా, ఓర్చుకునేవాళ్ళు. తీసి పారెయ్."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు గజగజలాడాయి.

తండ్రిని తీసుకురావడానికి మనవడు బయటికి రాబోతుంటే గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నాలుగున్నర అడుగులు ఉంటే ఎక్కువ. చేతిలో గుడ్డసంచి.

"ఫ్యాను బెల్టు వదులుగా ఉంది బాబూ. కూస్తోంది," అంది.

మెకానిక్ నవ్వాడు. "పెద్దమ్మ నా పొట్ట కొట్టేట్టుంది సార్."

"రోడ్డు మీద బస్సు మారదామని దిగితే వినపడింది. దీని గొంతే అనుకున్నాను. రెండో గేరు ఇంకా మొరాయిస్తోందా? సగం దాకా తోసి ఆగాలి. బుజ్జగిస్తేగాని పడదు."

మనవడు గడియారం చూసుకున్నాడు. "పెద్దమ్మా, మాకు పనుంది."

"ఒక్కసారి ఎక్కి కూర్చోనా?"

"వద్దొద్దు. సీటు కొత్తది. ముందు మా నాన్న కూర్చోవాలి."

"మీ నాన్న వస్తున్నాడా?" ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఒంట్లో బాగుంటోందా?"

"ఆయన మీకు తెలుసా?"

"ఎప్పటి మాటో," అంది. మూల పారేసిన చెక్కముక్కలు ఆమె కంటబడ్డాయి. "ఇవి మీకు అక్కర్లేదా?"

"పొయ్యిలోకా? పట్టుకుపోండి."

ఆమె వాటి మీద దుమ్ము ఊది, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

పావుగంటలో తండ్రి వచ్చాడు. ఆయాసపడుతూ ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు ముట్టుకోలేదు. వంగి పెడల్స్ చూశాడు.

"చెక్కలేవిరా?"

"ఆ చెత్తా? ఇందాక ఎవరో పెద్దమ్మ పొయ్యిలోకి పట్టుకుపోయింది."

"ఎంత మనిషి?"

మనవడు తన భుజం కిందికి చెయ్యి పెట్టి చూపించాడు.

తండ్రి ఆ చేతివైపు చూసి అన్నాడు.

"పెద్దమ్మ కాదురా. నీ మేనత్త."

మొదట్లో నేను కొట్టిన గొప్ప ఇక్కడ కాస్త సవరించుకోవాలి. తాత కళ్ళు మూసుకుని కూర్చున్నది నిజమే. చూపు బాగా మందగించిన మనిషి, ఆ మలుపుల్లో తెరిచినా ఒకటే. కొండ దాటించింది మాత్రం పద్దెనిమిదేళ్ళ కూతురు. తెలిసిన వీధులు తాత అలవాటు మీద దాటించేవాడు, ఊరు దాటగానే తండ్రీకూతుళ్ళు సీట్లు మారేవాళ్ళు. లైసెన్సు తాతది, స్టీరింగు కూతురిది, పేరు మళ్ళీ తాతదే.

ఆ చక్రాలు తిరిగినన్నాళ్ళూ ఆమె తమ్ముడు చదువుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. పెళ్ళి మాటలు వచ్చాయి.

"లారీ నడిపే అక్క ఉందంటే నవ్వుతారని, నాకు అక్కే లేదన్నాను," అన్నాడు తండ్రి. "పక్క గదిలోనే ఉంది. మీ తాత కూడా నోరు మెదపలేదు. తెల్లారేసరికి వెళ్ళిపోయింది. ఎక్కడుందో వెతకడానికి నాకు మొహం చెల్లలేదు."

మనవడి చెవిలో 'పొయ్యిలోకా?' అన్న తన గొంతే మోగింది.

బస్టాపుకు పరిగెత్తాడు. అదృష్టం బాగుండి ఆ రోజు బస్సు ఆలస్యమైంది. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది.

"అత్తా," అన్నాడు రొప్పుతూ.

"ఇంతసేపట్లోనే చుట్టరికం మారిందే," అంది ఆమె.

"నాన్న పిలుస్తున్నాడు. తప్పు మాదే. రా అత్తా."

ఆమె వచ్చింది. చెక్కలు తన చేత్తోనే కట్టుకుంది. తమ్ముడు ఏదో అనబోతే, "పక్కకి జరగరా," అంది. ఆయన జరిగాడు. రెండో గేరు ఒక్క బుజ్జగింపుకే పడింది.

ఇదంతా జరిగిన కథే. ఒక్క చిన్న సంగతి మాత్రం నేను కల్పించాను, ఒప్పుకుంటాను.

ఆ రోజు బస్సు వేళకే వచ్చింది.