గోళ్ళరంగు బండి

“ఇది యాక్సిడెంట్ బండి. నిన్న ఫోన్లో చెప్పిన రేటులో సగం కూడా రాదు” అన్నాడు పాత బండ్లకు వెల కట్టే మనిషి, ఎర్ర పికప్ తలుపు మీద వేలితో టకటకా కొడుతూ.

మొక్కల వ్యాపారికి చెవుల దాకా వేడెక్కింది. షోరూము వెనక రేకుల షెడ్డులో పొద్దుటి నుంచీ ఇదే బేరం. ఫోన్లో చెప్పిన రేటు నమ్ముకుని, ముందు హాల్లో నిలబెట్టిన నీలం రంగు కొత్త పికప్‌ను భార్యాభర్తలిద్దరూ ఖాయం చేసుకున్నారు. పాత బండికి ఆ రేటు వస్తేనే కొత్త బండి చేతికొస్తుంది. అది వస్తేనే ఓ పెద్ద ఆఫీసు తోటకు మొక్కలు తోలే పని దక్కుతుంది. ఆ తోటకు కావలసిన చెట్లు పాత బండి తొట్టిలో పట్టవు.

“ఈ బండి నేను తప్ప ఇంకెవరూ నడపలేదు. నాకు తెలియకుండా దీనికి యాక్సిడెంట్ ఎప్పుడైంది?”

“అది మీరే చెప్పాలి. ఇక్కడ రంగు పూశారు. ఇక్కడా పూశారు. ఇదిగో, ఇక్కడ కూడా.”

వెల కట్టే మనిషి నడుం వంచి, ఒక కన్ను మూసి, బండి పొడుగునా చూశాడు. కంపెనీ వేసిన రంగు మీద వెలుతురు సాఫీగా జారిపోతుందనీ, చేత్తో పూసినచోట టక్కున ఆగుతుందనీ పాఠం చెప్పాడు. ఇన్ని మచ్చలున్నాయంటే కింద రేకే మార్చి ఉంటారన్నాడు. ఇలాంటి కనికట్టు చేసేవాళ్ళను చాలామందిని చూశానని కూడా అన్నాడు.

కనికట్టు అన్న మాటకు మొక్కల వ్యాపారి ఒక్క అడుగు ముందుకేశాడు. భార్య అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె ముఖం బండి కన్నా ఎర్రగా ఉంది.

“ఆ రంగు నేను పూశానండీ. నెయిల్ పాలిష్.”

షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఆమె గోళ్ళ వైపు చూశారు. అవీ అదే ఎరుపు.

బండి ఎక్కడికో వెళ్ళిపోతోంది కదా, కాస్త ముస్తాబు చేసి పంపుదామనుకుంది. సరిగ్గా అదే రంగు సీసా కోసం షాపు షాపూ తిరిగింది. కుండీల అంచులు గీరుకున్నచోటల్లా సన్నటి కుంచెతో దిద్దింది. ఆ తరవాత రంగు త్వరగా ఆరాలని మొగుడూ పెళ్ళాలు బండికి చెరో పక్కన నిలబడి ఉఫ్ ఉఫ్ అని ఊదారు, మధ్యమధ్య నవ్వు ఆపుకోలేక కూలబడ్డారు. ఇప్పుడా నవ్వులు తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

గొడవ విని మేనేజరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మెత్తదనమే ఇంకా కోపం తెప్పించింది.

“మాది నమ్మకం మీద నడిచే వ్యాపారం అమ్మా. రంగు పూసి తెచ్చిన బండికి రంగు పూసిన రేటే ఇస్తాం.”

మొక్కల వ్యాపారి తాళాలు లాక్కున్నాడు. కొత్త బండీ వద్దు, వీళ్ళ మొహమూ వద్దు, పద పోదామన్నాడు.

“మీరుండండి” అంది భార్య. “నేను పూస్తుంటే వద్దని ఒక్క మాట అనలేకపోయారా?”

“నువ్వంత ముచ్చటపడుతుంటే ఎలా అనను?”

“ఇప్పుడు వీళ్ళతో అనిపించుకోవడం బాగుందా?”

ఆమె విసురుగా హ్యాండ్‌బ్యాగు తెరిచి, గోళ్ళరంగు చెరిపే సీసా తీసింది. దూది తడిపి తలుపు మీద మచ్చను రుద్దింది. షెడ్డంతా ఘాటు వాసన. పూసిన ఎరుపు చెరిగి, వెంట్రుకంత గీత బయటపడింది. చుట్టూ ఉన్న కంపెనీ రంగు చెక్కుచెదరలేదు.

“రేకు మార్చామన్నారుగా. ఏదీ, చూపించండి.”

వెల కట్టే మనిషి గీతను గోటితో గీకాడు, చుట్టూ తడిమాడు. గొంతు సవరించుకుని రేటు కాస్త పెంచాడు. ఆమె రెండో మచ్చ చెరిపింది. ఇంకాస్త పెంచాడు. బండి అందం తగ్గేకొద్దీ దాని విలువ పెరగసాగింది. దాంతో భర్తకూ హుషారొచ్చింది. కోపం కోపంగానే బండి చుట్టూ తిరుగుతూ, ఇదిగో ఈ గీత మల్లెతొట్టిది, ఈ సొట్ట నేను గోడకు గుద్దినప్పటిది అని గర్వంగా చూపించడం మొదలుపెట్టాడు. చివరి మచ్చ చెరిగేసరికి ఫోన్లో చెప్పిన రేటుకు రాక వాళ్ళకు తప్పలేదు.

కొత్త బండికి సంతకాలు పెడుదురుగాని రమ్మంటూ మేనేజరు వాళ్ళను ముందు హాల్లోకి నడిపించాడు. దారి పొడుగునా మెత్తగా సుద్దులు చెప్పాడు.

“ఉన్నది ఉన్నట్టు తెస్తే ఇంత రభస ఉండేదా అమ్మా? చదువుకున్నవాళ్ళు మీరు. బండికి రంగు పూసి అంటగట్టడం ఎంత తప్పో ఆలోచించండి.”

భర్త పళ్ళు కొరుక్కుంటూ బల్ల దగ్గర కూర్చుని కలం అందుకున్నాడు. ఆమె మాత్రం నీలం బండి దగ్గరే ఆగిపోయింది. నడుం వంచి, ఒక కన్ను మూసి, బండి పొడుగునా చూసింది. సాఫీగా జారుతూ పోయిన వెలుతురు వెనక చక్రం పైన టక్కున ఆగింది.

“కొత్త బండమ్మా అది. చెయ్యి వెయ్యకండి.” మేనేజరు గొంతులో ఈసారి మెత్తదనం లేదు.

“సంతకం పెట్టకండి” అంది ఆమె భర్తతో. సీసాలో మిగిలిన నాలుగు చుక్కలూ కొత్త దూది మీద ఒంపి, అక్కడ గట్టిగా రుద్ది, అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకుంది.

దూది నీలంగా ఉంది.