ఊడిన చక్రం

జాకీ మీద లేపిన ఎర్ర కారు వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపింది మెకానిక్.

ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ ఆడింది చక్రం.

"దీన్ని ఇలాగే నడుపుతున్నారా?" అని అడిగింది కారు యజమానిని.

"దార్లో ఒకసారి ఊడిపోయిందక్కా. మళ్లీ పెట్టించి, లాగించుకుని వచ్చా." అతను ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఎవరికీ ఏం కాలేదులెండి."

రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారది. అట్టపెట్టెలా తేలిక. అంత తేలికైన బండికి వెనక చక్రం ఊడిందంటే మనిషి బతికి బయటపడటమే గొప్ప.

"ఆదివారం కొండ దాకా షికారు తీసుకెళ్తానని మా పాపకు మాటిచ్చా. గట్టిగా బిగించి ఇచ్చేయండి, చాలు" అని వెళ్లిపోయాడు.

ఆమె చక్రం విప్పింది. యాక్సిల్ కొసకు, చక్రాన్ని మోసే హబ్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టు వదులైపోయి చేత్తోనే తిరుగుతోంది. పానాకు ఇనప గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి బిగించింది. చక్రం ఎక్కించి ఊపి చూసింది. ఈసారి ఇసుమంతైనా కదల్లేదు.

చేతులు తుడుచుకుంటుంటే షెడ్డు గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"ఏం కావాలి బాబాయ్?"

"ఏం వద్దమ్మా. ఆ ఎర్ర కారు బాగైందా?"

"మీదా?"

"కాదు."

"బాగైంది."

"చక్రం మళ్లీ ఊడదు కదా?"

"ఊడదు బాబాయ్."

ఆయన ఇంకాసేపు కారు వంక చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె షెడ్డు తెరిచేసరికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మళ్లీ అదే ప్రశ్న. టీ తాగి వచ్చేసరికి మళ్లీ అదే.

"ఎదుటి షెడ్డువాడు పంపుంటాడు, మన పనికి వంక పెట్టడానికి" అన్నాడు పక్కనే వ్యానుకు రంగు వేస్తున్న ఆమె భర్త. "లేకపోతే పరాయి కారు మీద ఈయనకెందుకంత ప్రేమ?"

ఆమెకూ అది నిజమే అనిపించింది. అసలే ముక్కు మీద కోపం.

"చూడు బాబాయ్, కొన్నది నువ్వు కాదు, నడిపేది నువ్వు కాదు. మధ్యలో నీకేంటి?"



"నీకు పిల్లలున్నారా అమ్మా?"

"ఉన్నారు. అయితే?"

"వాళ్లను ఆ కార్లో ఎక్కించి పంపుతావా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పొద్దున్నే నా పిల్లల మీద పడ్డావేంటయ్యా? ఇంట్లో నిన్ను కూర్చోబెట్టి ఇంత కాఫీ పోసే ఆడదిక్కు కూడా లేదా, ఇలా షెడ్ల వెంట తిరుగుతున్నావు?"

ఆయన తప్పుగా పెట్టుకున్న గుండీని తడుముకున్నాడు.

"తప్పయిందమ్మా" అని మెల్లగా వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుని ఆమె వేరే బండి పని మొదలుపెట్టింది. కానీ చెయ్యి ఆడలేదు. ఆయన అడిగిన మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎక్కించి పంపుతానా?

"ఏంటి, మళ్లీ విప్పుతున్నావు?" అన్నాడు భర్త.

"ఊరికే."

ఈసారి నట్టుతో ఆగలేదు. హబ్ మొత్తం లాగేసి, యాక్సిల్ కొసను కిరసనాయిలుతో కడిగింది. హబ్‌ను పట్టుకునే పళ్లు సగం అరిగిపోయి ఉన్నాయి. వాటి మొదట్లో నల్లగా ఏదో గీత కనిపించింది. మురికేమో అనుకుని గోటితో గీకింది.

పోలేదు. చీలిక అది.

యాక్సిల్ ఊడదీసి, బల్లకున్న వైస్ పట్టులో బిగించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసింది. కొస ఠక్కున విరిగి నేల మీద పడింది.

తను బలంకొద్దీ బిగించిన నట్టు దీన్ని ఇంకా త్వరగా విరగ్గొట్టేది. అదీ కొండదారిలో. పక్క సీట్లో పసిపిల్ల.

కొత్త యాక్సిల్, కొత్త హబ్ తెప్పించి వేసేదాకా ఆమెకు అన్నం సహించలేదు. పెద్దాయన మాత్రం మళ్లీ రాలేదు. ఎన్నిసార్లు గేటు వైపు చూసిందో ఆమెకే తెలియదు.

ఆదివారం పాపను వెంటబెట్టుకుని వచ్చాడు యజమాని. ఆమె విరిగిన ముక్కను అతని చేతిలో పెట్టింది. అతను వెంటనే పాపను దగ్గరికి లాక్కున్నాడు.

"మీరు చూడకపోయి ఉంటే..."

"నేను చూడలేదండీ. నేనైతే బిగించి చేతులు దులుపుకున్నా. ఎవరో పెద్దాయన వచ్చి వదలకుండా అడిగితే మళ్లీ విప్పా. మీవాళ్లేనా? పొట్టిగా, గుండీలు సరిగ్గా పెట్టుకోకుండా... అనకూడని మాటన్నా ఆయన్ని. ఇల్లెక్కడో చెబితే వెళ్లి కాళ్లు పట్టుకుంటా."



"పాపా, నువ్వెళ్లి కారు దగ్గరుండమ్మా" అన్నాడతను.

పాప వెళ్లాక గొంతు తగ్గించాడు.

"ఆయన ఊళ్లో లేడక్కా. నిన్న ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు."

"ఎవరండీ ఆయన?"

"ఆ రోజు ఎవరికీ ఏం కాలేదని మీకు అబద్ధం చెప్పా. ఊడిన చక్రం దొర్లుకుంటూ పోయి, బస్సు కోసం నిలబడ్డ ఒకావిడకు తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది."

"మరి ఆ పెద్దాయన?"

"కేసు వద్దు, కారు మాత్రం సరిగ్గా బాగుచేయించమని స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని అడిగాడే... ఆయన ఆవిడ భర్తక్కా."