కుమారమ్మ ఉసురు

“ఈ పటం ఆస్పత్రిలోకి తీసుకెళ్లనిస్తారా అంకుల్?” అంది గీతాంజలి, సంచీ సర్దుకుంటూ.

మర్నాడే ఆమెకు కాన్పు ఆపరేషన్. భర్త వెంకటరాజు వై2కె కంప్యూటర్ పనుల్లో పడి ఆఫీసు వదిలి రావడం లేదు. జురాంగ్ ఈస్ట్‌లో ఆమెకు తెలుగు మాట్లాడే దిక్కు, ఎదురు ఫ్లాట్ సూరిబాబు ఒక్కడే. డెబ్భై దాటిన ఆయన పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే.

“మకాన్ అయిందా అమ్మా, తిన్నావా?” అంటూ చారు గిన్నె బల్ల మీద పెట్టి, పటం అందుకున్నాడు. “ఎవరీ అమ్మోరు?”

“కుమారమ్మ పేరంటాలు. మా కొత్తరేవులో గుడుంది.”

సూరిబాబు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

“ఆవిడ కథేటి?”

“వందేళ్ల కిందట శిస్తు కట్టలేదని జమీందారు మనుషులు ఇంటికప్పు పీకేశారంట. మండుతున్న పొయ్యిలో నీళ్లు పోసేశారంట. వీళ్లకి చోటిచ్చినవాళ్ల కొంప కూడా పీకేస్తామని దండోరా వేయించారు. జోరున వాన. చంకన పిల్లాడితో గడపగడపా తిరిగింది. ఒక్కరూ తలుపు తియ్యలేదు. తెల్లారేసరికి తల్లీ బిడ్డా సముద్రంలో కలిసిపోయారు. తర్వాత ఊరు ఊరంతా ఏడ్చి గుడి కట్టింది.”

ఆమె ఒక పొత్తిగుడ్డ తీసుకుని మడత పెట్టసాగింది.

“ఆవిడ ఆఖర్న కొట్టింది మా ముత్తవ్వ తలుపే అంకుల్. పోయినసారి నాకు బిడ్డ దక్కలేదు. కుమారమ్మ ఉసురు తగిలిందంది మా అత్తగారు. ఈసారి కూడా...”

సూరిబాబు తల అడ్డంగా ఊపాడు.

“ఉసురూ కాదు, ఏటీ కాదు. ఆవిడ ఎవరినీ తిట్టలేదమ్మా.”

“నా ధైర్యం కోసం అంటున్నారు.”

“కాదు తల్లీ. తలుపెనకాల మీ ముత్తవ్వ ఏడుపు ఆవిడకి వినబడింది. లోపల పసిపిల్లలున్నారు, పాపం ఎలా తీస్తాది అనుకుంది. కోపం నేదు, శాపం నేదు.”

గీతాంజలి మడత పెడుతున్న పొత్తిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఊళ్లో ఎవరూ ఈ మాట అనగా ఆమె వినలేదు.

“ఇది మీకెవరు చెప్పారంకుల్?”

సూరిబాబు పటాన్ని కళ్లకద్దుకున్నాడు.

“ఆ రాత్రి బిడ్డతో ఓడెక్కి ఇక్కడికొచ్చి, నన్ను పెంచిన మా నాయనమ్మే ఈ కుమారమ్మ.”