తప్పు సీడీదే

“టెక్కలిలో ఇంత స్పీడు ఇంకెక్కడా ఉండకూడదు,” అన్నాడు గోవిందరావు.

2003లో ఆయన మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ సెంటర్ తెరవబోతున్నాడు. ‘అన్నిటికన్నా కొత్త చిప్పు! ఇరవై పెంటియం ఫోర్ కంప్యూటర్లు’ అని మేడంత బోర్డు పెట్టించాడు. అది చూసి కోటబొమ్మాళి నుంచి కూడా జనం పిల్లల్ని తెచ్చి చేర్పించేస్తున్నారు.

నందిగాం అమ్మాయి మాధవీలత అక్కడ ఇన్‌స్ట్రక్టరు. మూడు నెలల ట్రయల్ మీద ఉంది. ప్రారంభోత్సవం సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇంటికెళ్ళి అమ్మతో పాటు జీడిపిక్కలు కొట్టుకోవడమే. ఆ సంగతి గోవిందరావు రోజుకి రెండుసార్లు గుర్తుచేసేవాడు.

కంప్యూటర్లని నడిపించే లినక్సు సీడీ తయారుచేసే పని ఆమెదే.

“పెంటియం ఫోర్ చిప్పుకే సరిపడేలా కంపైల్ చేస్తే స్పీడుగానే ఉంటాది సార్. కానీ పాత చిప్పుల మీద అసలు నడవదు. అన్నిటికీ పనికొచ్చేలా చేసేద్దాం. స్పీడు కావాలంటే తర్వాత విడిగా చేసుకోవచ్చు,” అంది.

గోవిందరావు చుట్టూ అడ్మిషన్లకొచ్చిన తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు.

“మన కాడ పాత సిప్పులెక్కడియమ్మా? బోర్డు సదవనేదేటి? ఫోర్‌కే సెయ్యి!”

చేసింది. ఆయన గదిలోని కంప్యూటర్లో సీడీ బ్రహ్మాండంగా పరిగెత్తింది.

ప్రారంభోత్సవానికి జిల్లా అధికారి వచ్చాడు. ఆయనకి నచ్చితే వందమంది నిరుద్యోగుల్ని ప్రభుత్వం ఇక్కడికే శిక్షణకి పంపుతుంది. రిబ్బను కత్తిరించారు. అంతవరకూ ఎవర్నీ ముట్టుకోనివ్వని కంప్యూటర్ల మీది పాలిథిన్ కవర్లు తీసి సీడీలు పెట్టారు. ఇరవై కంప్యూటర్లూ ఇంగ్లీషులో ఏదో గొణిగి బిగుసుకుపోయాయి.

“ఏటి సేసినావే గుంటా! నా పరువు తీసీసినావు!” గోవిందరావు కేకలేశాడు.

మాధవీలత ఒక కంప్యూటర్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. తెర మీద మొదట పడే అక్షరాలు చదివింది. తలెత్తి గోవిందరావు వైపు చూసింది. ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“తప్పెవరిదమ్మా?” అని అడిగాడు అధికారి.

“నాదే సార్. సీడీలో తప్పుంది.”

గోవిందరావు ముందుకొచ్చి ఆమె తల మీద చెయ్యేశాడు. “సిన్నపిల్ల సార్. తప్పు ఒప్పుకుంది. ఇలాటోల్ని ఒగ్గీకూడదు. ఇప్పుడే పర్మనెంటు సేసేత్తన్నాను.”

అధికారి కళ్ళు చెమర్చాయి. “ఇంత పెద్దమనసున్న చోటే పిల్లలు చదువుకోవాలి,” అంటూ అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

పర్మనెంటు ఉద్యోగంలో మాధవీలత చేసిన మొదటి పని, ఆ ఇరవై పాత పెంటియం టూల మీద నడిచేలా లినక్సుని మళ్ళీ కంపైల్ చెయ్యడం.