భయానికి పడే బ్రేకులు

కార్లన్నీ తమను తామే నడుపుకుంటున్న ఈ రోజుల్లో, మనిషికి స్టీరింగు దక్కేది ఆదివారం రేసు ట్రాక్ మీదే. అందుకే నా చిన్న కారుకి మంచి బ్రేకులు వేయిద్దామని మెకానిక్ జంగయ్య దగ్గరికి వెళ్ళాను.

“కాలితోని తొక్కేటియి పాతయి సార్. ఇవైతే మీ గుండె దడ పెరిగితే చాలు, అవే పడతయ్.”

“భయమన్నది మా ఇంటావంటా లేదు. బిగించు.”

ఆదివారం హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. పచ్చజెండా ఊపారు. కారు కదల్లేదు.

“బయల్దేరరేంటండీ?” అని గ్యాలరీలోంచి మా ఆవిడ అరిచింది.

“ఇంజను వేడెక్కనీ,” అన్నాను.

ఆరు నెలలు, ప్రతి ఆదివారం ఇదే తంతు. సర్వీసింగుకి తీసుకెళితే జంగయ్య చక్రాలు విప్పి నోరెళ్ళబెట్టాడు.

“బ్రేకు ప్యాడ్లు జరంత గూడ అరగలే. ఎట్ల నడుపుతున్నరు సార్?”

“చాలా జాగ్రత్తగా,” అన్నాను.