ఎండను తట్టుకున్నవి

“బతికున్నవాటిని తెమ్మంటే శవాల్ని మోసుకొచ్చావా బాబాయ్?”

సైంటిస్టు గొంతు ల్యాబ్ దాటి వరండా చివరిదాకా వినిపించింది. డ్రైవర్ బాబాయ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతిలో వ్యాను ఉష్ణోగ్రత చీటీ. వెనక తోపుడు బండి మీద అయిదు పెట్టెలు.

“నిన్న పొద్దున ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన గంటకే కూలింగ్ మిషను ఆగిపోయిందమ్మా. దారిలో ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. పార్టు లేదన్నారు. ఐసు దొరికినచోటల్లా కొని చుట్టూ పేర్చాను. ఈ ఎండల్లో అది ఎంతసేపు ఆగుతుంది?”

“ఫోన్ చెయ్యడానికేం?”

“చేశానమ్మా. మీటింగులో ఉన్నారన్నారు.”

“ప్రతిదానికీ ఓ సమాధానం సిద్ధంగా ఉంటుంది!”

ఆ పెట్టెల్లో ఉన్నవి పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా గుళికలు. ఒక్కోటి ఆవగింజలో సగం ఉంటుంది. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో వాటి చుట్టూ రెండు పొరలు కట్టించింది ఆమె. కడుపులోని ఆమ్లం తగలకుండా అడ్డుపడి, పేగుల్లోకి చేరాక కరిగిపోయి, లోపలివాటిని ప్రాణాలతో వదిలిపెట్టడం ఆ పొరల పని. అయిదు నెలల కష్టం. వచ్చే నెల పిల్లల ఆసుపత్రిలో వాడి చూడాలి. అందాకా చల్లదనం తగ్గకూడదన్నది ఆమె పెట్టిన నియమమే.

ఆమె చీటీ లాక్కుని చూసింది. “ముప్పయ్యెనిమిది డిగ్రీలు! ఇరవై తొమ్మిది గంటలు!”

“చీటీ చించేసి, ఇక్కడికొచ్చాక ఐసుతో మళ్లీ చల్లబరిచి దించేస్తే మీకు తెలిసేది కాదమ్మా. పసిపిల్లలకిచ్చేవి కదా అని...”

“చేసిన ఘనకార్యానికి మెచ్చుకోలు కూడా కావాలా? నీలాంటివాళ్లని నమ్ముకోవడం నాదే బుద్ధితక్కువ!”

ల్యాబ్‌లో అందరూ తలలు దించుకున్నారు. బాబాయ్ పెట్టెలు ఒక్కొక్కటే లోపల పెట్టాడు.

“సరే మేడమ్” అన్నాడు.

పన్నెండేళ్లలో ఆమెను ఆయన మేడమ్ అనడం అదే మొదటిసారి.

“పారేయమంటారా?” అడిగింది అసిస్టెంటు.

“పరీక్ష చేసి, చచ్చాయని రాసి, అప్పుడు పారేద్దాం.”

ప్రతి పెట్టెలోంచీ కొన్ని గుళికలు తీసి, కడుపులో ఊరే ఆమ్లంలాంటి ద్రవంలో రెండు గంటలు కదిలించారు. ఆ తర్వాత పేగుల్లో ఉండేలాంటి ద్రవంలో వేస్తే పొరలు కరిగాయి. ఆ నీటిని గాజు పళ్లేల్లో పరిచి, వెచ్చని అలమరలో పెట్టారు.

రెండు రోజుల తర్వాత అసిస్టెంటు కేకేసింది. “మేడమ్, ఒకసారి రండి!”

పళ్లేల నిండా తెల్లటి చుక్కలు, ఒక్కోటీ బతికిన బ్యాక్టీరియా పెరిగిన గుంపు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. మొదట్నుంచీ ల్యాబ్ ఫ్రిజ్‌లోనే ఉంచినవాటికీ వీటికీ పెద్ద తేడా లేదు. ఆమ్లం కోసం వేసిన పొర ఎండను కూడా ఆపింది! ఆ సంగతి పరీక్షించాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బాబాయ్‌ని తను అన్న మాటలు గుర్తొచ్చాయి. పళ్లెం చేత్తో పట్టుకునే వ్యాను షెడ్డుకి వెళ్లింది. బాబాయ్ కూలింగ్ మిషనుకి కొత్త పార్టు బిగిస్తున్నాడు.

“బాబాయ్, బతికే ఉన్నాయి.”

ఆయన స్పానర్ కింద పెట్టేశాడు. “నిజంగానా?”

“ఇవిగో, చూడు.”

“హమ్మయ్య! రెండు రోజులుగా ముద్ద దిగలేదు.”

“ఆ రోజు నలుగురిలో నోటికొచ్చినట్టు అనేశాను. తప్పయింది బాబాయ్.”

“పోనిద్దురూ. అప్పుడే కడుపులో పెట్టేసుకున్నాను. ఆ మాటేం మీ గుళిక కాదుగా, అక్కడే అరిగిపోయిందమ్మా.”

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఆయన తనని రెండు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

అవే పెట్టెల్ని ఇంకో మూడు వారాలు ఎండ పడే కిటికీ పక్కన ఉంచి మళ్లీ పరీక్షించింది. అప్పుడూ బతికే ఉన్నాయి. ఆ సాయంత్రం డైరెక్టరుకి రిపోర్టు రాసింది. మిషను ఆగిపోవడం, బాబాయ్ దాచకుండా చెప్పడం, తను ఆయన్ని అవమానించడం, ఏదీ వదల్లేదు. ‘ఆయన నిజం చెప్పబట్టే ఇది బయటపడింది. తగిన గుర్తింపు ఇవ్వాలి’ అన్న మాటల కింద గీత గీసింది.

డైరెక్టర్ మర్నాడే ఫోన్ చేశాడు. “అద్భుతం! ఆయనకి ఉత్తరం నేనే పంపిస్తాను.”

వారానికి బాబాయ్ పేరుతో కవరు వచ్చింది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే కడిగేసుకోవాలని ఆమె అందర్నీ ల్యాబ్‌లోకి పిలిచింది. మధ్యలో కుర్చీ వేసి బాబాయ్‌ని కూర్చోబెట్టింది.

“కళ్లజోడు తేలేదమ్మా, మీరే చదవండి” అన్నాడాయన సిగ్గుపడుతూ.

ఆమె కవరు చింపి, అందరికీ వినపడేలా చదివింది. “మీ నిజాయితీని సంస్థ మనసారా అభినందిస్తోంది.”

చప్పట్లు కొట్టారు. బాబాయ్ తల వంచుకుని చొక్కా గుండీ సవరించుకున్నాడు.

“మీరిచ్చిన సమాచారం వల్లనే, మన గుళికలను ఇకపై మామూలు పార్సిల్‌లో పంపవచ్చని తేలింది.”

మళ్లీ చప్పట్లు. ఆమె కళ్లు కింది వరుస మీదికి వెళ్లాయి. కాగితం మడవబోయింది.

“ఆగిపోయారేంటమ్మా? చదవండి” అన్నాడు బాబాయ్ నవ్వుతూ.

ఉత్తరంలో ఇంకొక్క వాక్యమే మిగిలింది: “కనుక చల్లటి వ్యానునూ, దాని డ్రైవరు ఉద్యోగాన్నీ ఈ నెలాఖరుతో రద్దు చేస్తున్నాం.”